గుర్తు పెట్టిన చోటికి మళ్ళీ

ఫరీదాబాద్‌లో ఆటోవాళ్ళు పేటల పేర్లు చెప్పరు, నంబర్లు చెబుతారు. ఏక్ నంబర్, దో నంబర్, పాంచ్ నంబర్. దేశ విభజనప్పుడు వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకుల కోసం ఇక్కడ న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ కట్టారు. దాన్నే ఎన్.ఐ.టి. అంటారు. ఆ నంబర్లు అప్పటివే. చార్ నంబర్‌లో కేంద్ర భూగర్భజల మండలి ప్రధాన కార్యాలయం ఉంది. పాంచ్ నంబర్‌లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అంటే జి.ఎస్.ఐ., ధ్రువ అధ్యయనాల విభాగం ఉంది. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో కూర్చుని, ఏడాదంతా మంచు కప్పుకున్న నేలల లెక్కలు రాసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. వాళ్ళకు నాలుగడుగుల దూరంలో, కాళ్ళ కింద నీళ్ళు ఎంత లోతుకు పోయాయో లెక్క రాసేవాళ్ళు ఉన్నారు. పడమటికి చూస్తే ఆరావళి గుట్టలు. స్థానికులు వాటిని ‘పహాడ్’ అంటారు.

భూగోళపు ఉత్తరాది నేలలు మారిపోతున్నాయని ఇప్పుడు అందరం అంటున్నాం. మంచు కరుగుతోంది, చెట్లు పైకి పాకుతున్నాయి, గడ్డకట్టిన నేల కుంగుతోంది అని పత్రికల్లో చదువుతున్నాం. ఇందులో గట్టిగా తెలిసినదెంత, ఊహ ఎంత, తెలిసినది ఎలా తెలిసింది అన్నది ఈ వ్యాసంలో చూడాలనుకుంటున్నాను. చదివినంతలో నాకు ఒకటే తేలింది. ఎవరో ఒకరు ఒక చోట గుర్తు పెట్టి, ఆయన తర్వాత ఇంకొకరు, వాళ్ళ తర్వాత మరొకరు అదే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి కొలిస్తేనే నేల మారిందన్న మాటకు బలం వచ్చింది. ఆ రాకపోకలు తెగిన చోట మిగిలింది వాదులాటే.

ఈ గొడవ మనకెందుకనే తెలుగు పాఠకుడికి ముందు ఒక బండరాయిని చూపించాలి. ఆదిలాబాద్‌కు ఉత్తరాన ఎల్లగా పారే పెన్‌గంగ ఒడ్డున, మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లాలో ఇరాయి అనే చోటు ఉంది. అక్కడి సున్నపురాతి బండ నున్నగా అరిగి, దాని మీద గీతలు ఒకే దిక్కుగా సాగి ఉంటాయి. జి.ఎస్.ఐ. ఉద్యోగి ఫ్రాన్సిస్ ఫెడెన్ దాని గురించి 1875లో రాశాడు. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట, ఈ నేల దక్షిణ ధ్రువానికి చేరువగా ఉన్న కాలంలో, కదిలే మంచు తన అడుగున ఇరుక్కున్న రాళ్ళతో గీకిన గీతలవి. ఆ మంచు వదిలిపోయిన బండరాళ్ళ పొరను తాల్చేరు పొర అంటారు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుకు అడుగున అదే పొర ఉంది. బొగ్గు గని దిగే కార్మికుడి కాళ్ళ కింద ఇంకా లోతున ఒకప్పటి హిమానీనదం వదిలిన రాళ్ళున్నాయన్నమాట.

ఆ పొరకు పేరు ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చింది. ఇంత ఉష్ణదేశంలో ఈ రాళ్ళు మంచు మోసుకొచ్చినవి కావచ్చని 1856లో ధైర్యం చేసి రాసినవాళ్ళు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, వాళ్ళతోబాటు విలియం థియోబాల్డ్. సోదరుల్లో చిన్నవాడు హెన్రీ అప్పటికి ఇరవై దాటిన కుర్రవాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత అతనే భారత ప్రభుత్వానికి తొలి వాతావరణ అధికారి అయ్యాడు. ఆ ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాదే ధాత నామ సంవత్సరం వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షల మందిని పొట్టనబెట్టుకున్న ఆ కరువును మన పల్లెల్లో ఇప్పటికీ ధాత కరువనే అంటారు. రాయలసీమ మరీ చితికిపోయింది. వానలు ఎప్పుడు తప్పుతాయో ముందుగా తెలుసుకోలేమా అన్న ప్రశ్న ఆ శవాల మధ్య నుంచి లేచింది. హిమాలయాల్లో మంచు ఎక్కువగా, ఆలస్యంగా పడిన ఏడాది మన దగ్గర వాన తగ్గుతోందని హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో రాయల్ సొసైటీకి రాశాడు. ఆ ఆధారంతోనే 1886 జూన్ 4న దేశంలో రుతుపవనాల మీద తొలి అధికారిక అంచనా వెలువడింది. ఆ సంబంధం ఆయన అనుకున్నంత స్థిరమైనది కాదని తర్వాతి శతాబ్దంలో తేలింది. అయినా అనంతపురం చేను తడవడానికీ ఉత్తరాన ఎక్కడో పడ్డ మంచుకూ ముడి ఉందేమో వెతకాలన్న ఆలోచన మాత్రం ధాత కరువు నుంచే పుట్టింది. మన పూర్వీకుల ఆకలి ఈ శాస్త్రానికి పెట్టుబడి.

ఇక గుర్తుల సంగతి. 1731లో ఆండర్స్ సెల్సియస్, అదే ఉష్ణోగ్రత కొలమానానికి పేరిచ్చిన ఆయనే, స్వీడన్ తూర్పు తీరంలో యెవ్లె పట్టణం దగ్గరి ఒక దీవికి వెళ్ళి, సీల్ జంతువులు ఎక్కి పడుకునే బండ మీద ఆనాటి నీటిమట్టం దగ్గర గీత చెక్కించాడు. సముద్రం తగ్గిపోతోందని ఆయన నమ్మకం. ఇవాళ ఆ గీత నీటికి దాదాపు రెండు మీటర్ల పైన ఉంది. తగ్గింది సముద్రం కాదు, లేచింది నేల. పదివేల ఏళ్ళ కిందటి దాకా మైళ్ళ మందాన పేరుకున్న మంచు బరువు దిగిపోయాక, మూట దించిన పరుపులాగా అక్కడి నేల ఇంకా పైకి వస్తూనే ఉంది. బోత్నియా సింధుశాఖ ఉత్తర భాగంలో ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు లేస్తోంది. సెల్సియస్ చెప్పిన కారణం తప్పు, ఆయన పెట్టిన గుర్తు ఒప్పు. వందేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు కారణాన్ని దిద్దుకోగలిగారంటే గుర్తు అక్కడే ఉండబట్టే.

రెండో గుర్తు ఒక బావి. ఈ కథ ఫరీదాబాద్‌లో బోరు వేయించిన ప్రతివాడికీ మనసుకు తగులుతుంది. తూర్పు సైబీరియాలోని యాకుత్స్క్‌లో ఫ్యోదర్ షేర్గిన్ అనే వర్తక సంస్థ ఉద్యోగి 1828 ప్రాంతంలో తాగునీటి కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఎంత తవ్వినా గడ్డకట్టిన మట్టే. దాదాపు తొమ్మిదేళ్ళు తవ్వి, 116 మీటర్ల దగ్గర ఆపేశారు. నీటి చుక్క పడలేదు. 1840ల మధ్యలో అలెగ్జాండర్ మిడెన్‌డార్ఫ్ వచ్చి ఆ బావి గోడల్లో మెట్టుమెట్టుకూ ఉష్ణోగ్రత కొలిచాడు. ఏళ్ళ తరబడి కరగని నేల ఒకటుందనీ, అది ఎంత లోతో లెక్క కట్టవచ్చనీ ప్రపంచానికి తెలిసింది అప్పుడే. ఇంగ్లిషులో పెర్మాఫ్రాస్ట్ అనే ఆ నేలను మనం గడ్డనేల అనుకుందాం.

మూడోది ఫొటోలు. 1940ల చివర్లో అమెరికా నౌకాదళం చమురు కోసం ఉత్తర అలాస్కా మీదుగా విమానాల్లో తిరుగుతూ వేలాది చిత్రాలు తీసింది. వృక్షాల మీద ఆ తీసినవాళ్ళకు ఆసక్తి లేదు. యాభై ఏళ్ళ తర్వాత మాథ్యూ స్టర్మ్, చార్లెస్ రసీన్, కెన్ టేప్ అవే కోణాల నుంచి మళ్ళీ ఫొటోలు తీసి, పక్కపక్కన పెట్టి చూశారు. ఒకప్పుడు నాచూ గడ్డీ తప్ప లేని చోట పొదలు దట్టంగా లేచాయి. 2001లో ఆ బొమ్మల జతలు అచ్చయ్యాక, టండ్రా పచ్చబడుతోందన్న మాట ఉపగ్రహాల రంగుల లెక్క నుంచి కంటికి కనబడే సంగతిగా మారింది. పొద వచ్చినచోట గాలికి కొట్టుకుపోయే మంచు ఆగుతుంది. ఆగిన మంచు దుప్పటిలా పనిచేసి చలికాలంలో నేలను వెచ్చగా ఉంచుతుంది. వెచ్చని నేల ఇంకో పొదను పెంచుతుంది. ఇలా గొలుసుకట్టుగా సాగే మార్పులు ఉత్తరాదిలో చాలా ఉన్నాయి. ఈ ప్రాంతం అంత వేగంగా వేడెక్కడానికి అదొక కారణం.

ఎంత వేగం? 1979 నుంచి 2021 దాకా లెక్కలు తీసుకుంటే ఆర్కిటిక్ వలయం లోపలి భాగం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ పరిశోధకులు 2022లో తేల్చారు. అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో రెండు రెట్లనే రాసుకున్నాం. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, మంచు పోయాక బయటపడ్డ నల్లటి నీరు ఎండను తాగుతుంది. సెప్టెంబరులో సముద్రపు మంచు ఏటా కనిష్ఠానికి వస్తుంది. ఉపగ్రహాలు ఏకధాటిగా చూడటం మొదలుపెట్టిన 1979 నుంచి ఆ కనిష్ఠం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తరిగింది. 2012 సెప్టెంబరులో 34 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గరికి పడిపోయింది. ఆ రికార్డు తర్వాతి పదేళ్ళలో చెరగలేదని కొందరు దాన్ని ఊరటగా చూపిస్తారు. ఏడాదికేడాది ఊగిసలాట వేరు, దశాబ్దాల వాలు వేరు. 2021 ఆగస్టులో గ్రీన్లాండ్ మంచుఫలకం నడినెత్తిన, 3,216 మీటర్ల ఎత్తున ఉన్న కేంద్రంలో వాన కురిసింది. అక్కడ మనుషులు గమనించడం మొదలుపెట్టాక అదే మొదటిసారి.

గడ్డనేల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. మంచు కరిగితే కంటికి కనిపిస్తుంది, నేల లోపల కరిగేది కనిపించదు. ఆ నేలల్లో కుళ్ళకుండా దాగి ఉన్న కర్బనం దాదాపు 1.5 లక్షల కోట్ల టన్నులని అంచనా. గాలిలో ఇప్పుడున్నదానికి అది దాదాపు రెట్టింపు. అందులో ఎంత, ఎన్నాళ్ళకు బయటికి వస్తుందన్న దాని మీద పండితుల మధ్య పెద్ద తేడాలున్నాయి. నేల మెల్లగా పైనుంచి కరిగితే ఒక లెక్క. మంచుదిమ్మలు కరిగి నేల ఒక్కసారిగా కుంగి గుంటలు పడితే, గట్లు జారితే ఇంకో లెక్క. రెండో రకం జరిగేది తక్కువ చోట్లే అయినా కర్బనం లోతు నుంచి వస్తుంది కనుక దాన్ని లెక్కలోకి తేవడం కష్టం, తేకపోతే తప్పు. ‘కర్బన బాంబు’ లాంటి మాటలు రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు గానీ, బాంబు ఒక్కసారి పేలుతుంది, ఇది వందల ఏళ్ళు పొగలుగక్కే కుంపటి.

కారణాలు అంటగట్టడంలోనూ తొందర పనికిరాదు. 2020 మే 29న సైబీరియాలోని నోరిల్స్క్‌లో ట్యాంకు కూలి దాదాపు 20 వేల టన్నుల డీజిల్ నదుల్లోకి, నేలలోకి పోయింది. గడ్డనేల కరగడమే కారణమని కంపెనీ మొదట చెప్పుకొచ్చింది. నిర్మాణంలో, నిర్వహణలో లోపాలను విచారణ బయటపెట్టింది. వాతావరణ మార్పు నిజమే. దాని వెనక దాక్కునే మనుషులు ఉండటమూ నిజమే.

ఈ శాస్త్రపు నివేదికల్లో ఆలస్యంగా చోటు దొరికింది అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు. యమల్ ద్వీపకల్పంలో నెనెత్స్ కాపరుల రెయిన్‌డీర్ మందలు చలికాలంలో మంచు తవ్వుకుని కింది నాచు తింటాయి. 2013 నవంబరులో మంచు మీద వాన పడింది. ఆ నీరు గడ్డకట్టి పైన మందపాటి పెంకు కట్టింది. కాళ్ళతో ఎంత గీరినా పగలని ఆ పెంకు కింద మేత ఉండగానే, ఆ శీతాకాలంలో 61 వేల జంతువులు ఆకలితో చచ్చాయి. ఉష్ణోగ్రతల సగటులో ఆ ఒక్క వాన కనిపించదు. కాపరుల నోట విని, సముద్రపు మంచు రికార్డులతో పోల్చి చూశాకే పరిశోధకులకు కథ పూర్తయింది. అలాస్కాలో న్యూటోక్ అనే యూపిక్ ఊరు ఒడ్డు కరిగి నదిలో కలిసిపోతుంటే 2019 నుంచి నదికి అవతల మెర్టార్విక్‌కు తరలిపోవడం మొదలుపెట్టింది. ముంపు గ్రామాలంటే ఏమిటో గోదావరి ఒడ్డు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన ఉత్తరం హిమాలయం. హిమానీనదం చివరి కొసను ఇంగ్లిషులో మూతి అంటారు. మనవాళ్ళు గంగ పుట్టే చోటును ఎప్పుడో గోముఖ్ అన్నారు. ఆ మూతులకు గుర్తులు పెట్టే పని 1906–07లో జి.ఎస్.ఐ. మొదలుపెట్టింది. పిండారీ, మిలాం లాంటి హిమానీనదాల ముందు బండల మీద గుర్తులు వేసి, ఫొటోలు తీసి, పటాలు గీశారు. గంగోత్రి మూతిని కొలిచి పటం గీసినవాడు జె.బి. ఆడెన్, 1935లో. ఆంగ్ల కవి ఆడెన్‌కు ఆయన అన్న. ఆ పటం ఉండబట్టే గంగోత్రి అప్పటి నుంచి సగటున ఏడాదికి 20 మీటర్లకు అటూ ఇటూగా వెనక్కి నడుస్తోందని చెప్పగలుగుతున్నాం.

అయితే మూతి కొలత ఒక్కటే చాలదు. కింది భాగమంతా రాళ్ళూ మట్టీ కప్పుకున్న హిమానీనదం మూతి దగ్గర కదలకుండానే లోలోపల పలచబడిపోతుంది. ముఖం నిండుగా ఉండి ఒళ్ళు చిక్కిపోయిన రోగిలాంటిది. అసలు తెలియాల్సింది జమాఖర్చు. చలికాలంలో ఎంత మంచు పడింది, వేసవిలో ఎంత పోయింది, మిగులా తరుగా? దానికోసం మంచులో కర్రలు పాతి, ఏటా అదే కాలంలో వెళ్ళి, కర్ర ఎంత బయటపడిందో చూడాలి. నార్వే ధ్రువ సంస్థ ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లోని ఆస్ట్రె బ్రోగర్‌బ్రేన్ హిమానీనదం మీద 1967 నుంచి ఆ పని ఆపకుండా చేస్తోంది. మన జి.ఎస్.ఐ. కూడా 1970లు, 80లలో గారా, షౌనే గరంగ్, నేహ్‌నార్ హిమానీనదాల మీద ఎంతో శ్రమపడి జమాఖర్చు రాసింది. ఆ వరసలు పదేళ్ళకు అటూ ఇటూగా నడిచి ఆగిపోయాయి. 2002లో లాహుల్‌లోని ఛోటా శిగ్రీ మీద మొదలైన వరస ఇప్పటికీ సాగుతోంది. వేల హిమానీనదాల దేశానికి ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వెళ్ళడానికి రోజుల నడక, ఊపిరాడని ఎత్తు, మూడేళ్ళకోసారి అయిపోయే ప్రాజెక్టు డబ్బు. కర్రలు పాతినవాడు బదిలీ అయితే కర్రల సంగతి ఎవరికీ పట్టదు. తెగిన వరసను మళ్ళీ కలపలేం. పోయిన ఏడాది మంచును ఈ ఏడాది వెళ్ళి కొలవలేం కదా.

వరసలు తెగిన చోట ఏం జరిగిందో 2009–10లో చూశాం. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి మాయం కావచ్చని వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐ.పి.సి.సి. 2007 నివేదికలో ఒక వాక్యం చొరబడింది. పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికలోకి, అక్కణ్ణుంచి ప్రపంచ నివేదికలోకి ఆ సంఖ్య ఎవరూ కొలవకుండానే నడిచొచ్చింది. 2009 నవంబరులో జి.ఎస్.ఐ. మాజీ ఉన్నతాధికారి వి.కె. రైనా, పర్యావరణ శాఖ కోసం రాసిన సమీక్షలో, తన సంస్థ శతాబ్దపు కొలతలను ముందుపెట్టి అంత విపరీతమేమీ కనిపించడం లేదన్నారు. రైనా రెండో భారత అంటార్కిటికా యాత్రకు నాయకుడు కూడా. 2010 జనవరిలో ఐ.పి.సి.సి. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంది. 2035ను తిప్పికొట్టడంలో రైనా పక్షాన న్యాయం ఉంది. విపరీతం లేదన్న భరోసాకు మాత్రం మూతి కొలతలు సరిపోవు. తర్వాత వచ్చిన ఉపగ్రహాల ఎత్తు లెక్కలు కథను మార్చాయి. 2011–2020 దశాబ్దంలో హిందూకుష్ హిమాలయాల్లో మంచు నష్టం అంతకుముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా సాగిందని కాఠ్‌మాండూలోని పర్వత అధ్యయన సంస్థ ఇసిమోడ్ 2023లో చెప్పింది. అదే పర్వతప్రాంతంలో పడమటి వైపు ఉన్న కారాకోరంలో కొన్ని హిమానీనదాలు చాలాకాలం నిలకడగా ఉన్నాయి, కొన్ని ముందుకు కూడా వచ్చాయి. కెనడా భూగోళవేత్త కెనెత్ హెవిట్ 2005లో దానికి ‘కారాకోరం అసాధారణత’ అని పేరుపెట్టాడు. హిమాలయం అంతా ఒకే తీరుగా కరుగుతోందని రాసేవాళ్ళు ఆ పేరు ఒకసారి తలుచుకోవాలి.

విపత్తుల విషయంలో మన తెలివి కొంత మెరుగుపడింది. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో వరద వచ్చి 200 మందికి పైగా చనిపోయినప్పుడు, గల్లంతైనప్పుడు, టీవీలన్నీ హిమానీనదం పగిలిందన్నాయి. కొండవాలు ఒకటి విరిగి రాయీ మంచూ కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు లోయలోకి పడిందనీ, అందులో ఎక్కువ భాగం రాయేననీ ఉపగ్రహ చిత్రాలు తేల్చాయి. సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సు ప్రమాదకరంగా పెరుగుతోందని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రజ్ఞులు 2013లోనే రాశారు. 2023 అక్టోబరు 3 రాత్రి ఆ సరస్సు కట్ట తెంచుకుని, కింద తీస్తా మీది చుంగ్‌థాంగ్ డ్యామును ఊడ్చుకుపోయింది. అక్కడ కొలతలో లోపం లేదు. హెచ్చరిక హైదరాబాద్ నుంచి చుంగ్‌థాంగ్ చేరడానికి పదేళ్ళు చాలలేదు.

ఆర్కిటిక్‌లో మన అడుగు ఆలస్యంగా పడింది. అంటార్కిటికాకు 1981లోనే వెళ్ళాం. ఆ తొలి యాత్ర నుంచీ జి.ఎస్.ఐ. ఉంది, పాంచ్ నంబర్ విభాగం పెరిగింది ఆ పని మీదే. 1983–84లో అక్కడ తొలి భారత కేంద్రం దక్షిణ గంగోత్రిని కట్టిన యాత్రకు నాయకుడు హర్ష్ గుప్తా తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.)కి సంచాలకుడయ్యారు. ఉత్తరానికి మాత్రం 2007లో తొలి యాత్ర. 2008 జులై 1న స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో ‘హిమాద్రి’ మొదలైంది. ఆ ఊరు ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. 1962లో గని పేలి 21 మంది చనిపోయాక మూతపడింది. కార్మికుల ఇళ్ళలో ఇప్పుడు శాస్త్రజ్ఞులుంటారు. సింగరేణి ఎరిగినవాళ్ళకు ఆ మలుపు మామూలు విషయంగా అనిపించదు. 2014లో పక్కనే ఉన్న కాంగ్స్ ఫ్యోర్డ్ అనే సముద్రపాయ నీళ్ళలో ‘ఇండార్క్’ అనే పరికరాల దండను దింపారు. దాని తయారీలో చెన్నై, గోవా సంస్థలతోబాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కూ చెయ్యుంది. ఆ ఫ్యోర్డ్ 2006 నుంచి చాలా చలికాలాల్లో సరిగా గడ్డకట్టడం లేదు. వెచ్చని అట్లాంటిక్ నీరు లోపలికి వస్తోంది. అది ఏ లోతులో, ఏ నెలలో వస్తోందో ఆ పరికరాలు ఏడాది పొడవునా రాస్తాయి. హిమాద్రిలో మనుషులు మాత్రం 2023 డిసెంబరు దాకా చలికాలంలో ఉండనే లేదు. మార్పు ఎక్కువగా జరిగే కాలాన్ని పదిహేనేళ్ళు వదిలేశామని నా బాధ.

ఈ ఖర్చంతా దేనికని అడిగేవాళ్ళకు ఒక ఫలితం చూపవచ్చు. వేసవిలో కారా సముద్రంలో మంచు బాగా తగ్గిన ఏళ్ళలో, సెప్టెంబరులో మధ్య భారతంలో కుండపోతలు పెరుగుతున్నాయని గోవా ధ్రువ కేంద్రం పరిశోధకులు 2021లో ప్రచురించారు. ‘సంబంధం ఉండవచ్చు’ అనే వాళ్ళు రాశారు, అంతవరకే మనమూ తీసుకోవాలి. బ్లాన్‌ఫర్డ్ ముడి వందేళ్ళలో ఎలా సడలిందో చూశాం కదా. కానీ సెప్టెంబరు వాన అంటే పత్తి కాయ విచ్చే వేళ. ఆ ముడి నిజమో కాదో తేల్చడానికి ఇంకో ముప్పయ్యేళ్ళ వరస కావాలి.

అసలు ఉత్తరం అంటే ఏమిటి అనే ప్రశ్నను అందరికన్నా లోతుగా ఆలోచించినవాడు క్యుబెక్ భూగోళవేత్త లూయీ-ఎడ్మండ్ హామెలాఁ. 1961లో లావాల్ విశ్వవిద్యాలయంలో ఉత్తర అధ్యయనాల కేంద్రాన్ని నెలకొల్పాడు. ఒక చోటు ఎంత ‘ఉత్తరం’ అన్నది అక్షాంశం ఒక్కటే చెప్పలేదని ఆయన వాదన. వేసవి వేడి, చలి, మంచు రకాలు, వృక్షాలు, వాన, చేరుకునే దారులు, విమానాలు, జనం, జీవనోపాధి, వీటితో అక్షాంశాన్ని కలిపి పది లక్షణాలకు తలా నూరు మార్కులు పెట్టాడు. ధ్రువానికి వెయ్యి. రెండు వందలు దాటితే ఉత్తరం. రోడ్డు పడితే, ఊరు పెరిగితే ఆ చోటి మార్కులు తగ్గుతాయి. అంటే ఉత్తరం పటం మీద కదులుతుంది. మార్కుల పద్ధతి మీద విమర్శలున్నాయి. నాకు మాత్రం ఆయన వినయం నచ్చింది. ఒక నేల స్వభావాన్ని ఒకే కొలతతో తేల్చే సాహసం ఆయన చేయలేదు.

ఆ సాహసం మన ఊరి కొండల విషయంలో జరిగింది. చుట్టుపక్కల నేల కన్నా 100 మీటర్లు, అంతకుమించి లేచినదే ఆరావళి కొండ అన్న నిర్వచనాన్ని సుప్రీంకోర్టు 2025 నవంబరు 20న అంగీకరించింది. గొడవ చెలరేగాక డిసెంబరు 29న తన ఉత్తర్వును తానే నిలిపివేసింది. ఫరీదాబాద్ పహాడ్ చాలా చోట్ల ఆ ఎత్తు లేదు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఈ క్వార్ట్‌జైట్ గుట్టలు అరిగి అరిగి పొట్టివయ్యాయి. వీటి విలువ వాటి పగుళ్ళలో ఉంది. వాన ఆ పగుళ్ళలోంచే కిందికి దిగి బావులకు చేరేది. అనంగ్‌పూర్ దగ్గర తోమర రాజుల కాలపు రాతికట్ట, సూరజ్‌కుండ్ మెట్ల కొలను, ఆ నీటి దారులు తెలిసినవాళ్ళు కట్టినవి. ఢిల్లీ ఇళ్ళలో వాడిన ఎర్రటి ‘బదర్‌పూర్’ ఇసుక కోసం, కంకర కోసం దశాబ్దాల పాటు ఇదే కొండను తొలిచారు. కొన్ని ఖదాన్లు, అంటే రాతి గనులు, నీటిమట్టం కన్నా లోతుకు పోయి, అడుగున నీలంగా నీళ్ళు నిలిచాయి. కోర్టు 2002లో, మళ్ళీ 2009లో తవ్వకాలకు అడ్డుకట్ట వేసింది. అప్పటికే బడ్‌ఖల్ చెరువు ఎండిపోయింది.

ఎవరి జోక్యమూ లేని చోటు అనే అర్థం ఉన్న ‘బేదఖల్’ అన్న పారసీ మాట నుంచి బడ్‌ఖల్ పేరు వచ్చిందంటారు. చార్ నంబర్ నుంచి పడమటికి కాసేపు ప్రయాణిస్తే చాలు. 1947లో కట్ట వేసి వాన నీటిని ఆపిన చెరువది. పడవలు తిరిగిన ఆ నీళ్ళు 2000లు వచ్చేసరికి లేవు. ఇక్కడి నేల కింది నీటి తరుగునూ ధ్రువపు మంచు తరుగునూ కొలిచిన సాధనం ఒకటే. గ్రీన్లాండ్ మంచు ఏటా సగటున 27 వేల కోట్ల టన్నులు తగ్గుతోందని చెప్పింది 2002లో ఎగిరిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు. భూమి ఆకర్షణలో వచ్చే అతి చిన్న తేడాలను అవి పసిగడతాయి. అవే ఉపగ్రహాలు పంజాబ్, హరియాణా, రాజస్థాన్, ఢిల్లీల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు మధ్య 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం ఖాళీ అయిందని 2009లో చూపించాయి. ఒకే తూకంరాయి, ఒక పళ్ళెంలో ధ్రువపు మంచు, ఇంకో దాంట్లో మా ఇళ్ళ కింది నీరు. రెండు లెక్కలూ ఒకే రకం పట్టికలో పక్కపక్కన చూసినరోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు బడ్‌ఖల్‌ను శుద్ధి చేసిన మురుగునీటితో నింపే పథకం నడుస్తోంది. నిండిన చెరువు ఫొటోకు బాగుంటుంది. పగుళ్ళ మార్గాలు తెగిన కొండ పక్కన ఆ నీరు ఎటు పోతుందన్నది ఫొటోలో కనిపించదు. భూగర్భజల మండలి తన పరిశీలన బావుల్లో మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది. జనవరిలో ఒకసారి, వానలకు ముందు ఒకసారి, ఆగస్టులో, నవంబరులో. చెరువు నీరు కిందికి దిగుతోందా లేదా అన్నది ఆ నాలుగు కొలతలే చెప్పాలి. ఏ బావిలో మొదటి కొలత తీశారో ఆ బావిలోనే, పూడ్చకుండా, మూత పోగొట్టకుండా, ఇంకో యాభై జనవరులు.